‘జిన్‌రో’ సినిమాలో తుపాకులను గుర్తుపట్టడం ఎలా? ఎంజీ 42 నుంచి మౌజర్ దాకా సమగ్ర మార్గదర్శి

‘జిన్‌రో’ చూసినవాళ్ళకు ముందు గుర్తొచ్చేది చీకట్లో మెరిసే ఎర్రటి కళ్ళు, ఒళ్ళంతా కప్పిన నల్లటి కవచం. ఆ కవచం చేతిలో ఏ తుపాకీ ఉందో చూసేవాళ్ళు తక్కువ. నా ఉద్దేశంలో ఈ సినిమా సగం కథ అక్కడే ఉంది. పాత్రలు నోరు విప్పి చెప్పని చరిత్రను ఇందులో తుపాకులు చెబుతాయి. వాటిని చదవడం వస్తే సినిమా ఇంకో స్థాయిలో అర్థమవుతుంది.

1999 నాటి ఈ జపనీస్ యానిమేషన్ సినిమాకు దర్శకుడు హిరొయుకి ఒకియురా, రచన మమోరు ఒషీ, నిర్మాణం ప్రొడక్షన్ ఐ.జీ. కవచం డిజైన్ వెనక ఉన్నది యుటాకా ఇజుబుచి. బొమ్మలన్నీ సెల్ షీట్ల (పారదర్శక ప్లాస్టిక్ రేకుల) మీద చేత్తో గీసినవే. కాబట్టి తెరమీద కనిపించే ప్రతి తుపాకీలో, దాని ప్రతి రంధ్రంలో, ఒక చిత్రకారుడు కూర్చుని తీసుకున్న నిర్ణయం ఉంటుంది. మామూలు సినిమాలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ చేతికి దొరికిన తుపాకీతో సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ మాటే లేదు, గీయాలనుకున్నదే గీస్తారు. ఈ సినిమాను వివరంగా చూడమని నేను చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

ముగింపు గురించి ఇందులో ఏమీ చెప్పను. ఇంకా చూడనివాళ్ళు కూడా నిశ్చింతగా చదవొచ్చు.

మొదటి అడుగు: రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టుకోండి

తుపాకీ పేరు తెలుసుకునే ముందు అసలు జరిగిందేమిటో, సినిమా ఏం మార్చిందో తెలియాలి. లేకపోతే గుర్తుపట్టినా దాని అర్థం అందదు.

నిజ చరిత్రలో 1945లో జపాన్ లొంగిపోయింది. 1952 ఏప్రిల్ 28 దాకా ఆ దేశం అమెరికా నాయకత్వంలోని సేనల ఆధీనంలో ఉంది. ఆ రోజుల్లో జపాన్ పోలీసుల చేతికొచ్చిన ఆయుధాల్లో అమెరికావి చాలా ఉన్నాయి. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక 75,000 మందితో పెట్టిన జాతీయ పోలీస్ రిజర్వ్‌కు కూడా అమెరికన్ ఎం1 కార్బైన్ల లాంటివే ఇచ్చారు. అంటే 1950ల టోక్యో వీధిలో సాయుధ దళం కనిపిస్తే దాని చేతిలో అమెరికన్ తుపాకీ ఉండటమే సహజం.

సినిమాలో యుద్ధం వేరే దారి పట్టింది. జపాన్‌ను గెలిచి ఆక్రమించినది జర్మనీ. తర్వాత దేశం మళ్ళీ నిలదొక్కుకునే క్రమంలో పేదరికం, అల్లర్లు, సాయుధ వ్యతిరేక ముఠాలు పుట్టుకొస్తాయి. వాటిని అణచడానికి రాజధాని పోలీసు పేరుతో ఒక దళం వస్తుంది. ఆ వీధి పోరాటాల దృశ్యాల్లో నిజమైన టోక్యో కనిపిస్తుంది. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా లక్షల మంది రోడ్డెక్కారు. జూన్ 15న పార్లమెంటు దగ్గర జరిగిన ఘర్షణలో మిచికో కాంబా అనే విద్యార్థిని చనిపోయింది. జపాన్‌లో ఆ తరం వాళ్ళకు ఈ సినిమాలోని పెట్రోల్ బాంబులు, హెల్మెట్లు, డాళ్ళు కొత్తగా అనిపించవు. వాళ్ళకు కొత్తగా కనిపించేవి జర్మన్ తుపాకులే.

అందుకే కాగితం మీద ముందుగా ఒక ప్రశ్న రాసుకోండి: ‘ఈ తుపాకీ ఈ ఊళ్ళోకి ఎవరి చేతుల మీదుగా వచ్చింది?’ కింది అడుగులన్నీ దీనికి జవాబు వెతకడం కోసమే.

రెండో అడుగు: చూసే పద్ధతి సరిచేసుకోండి

ఫోన్‌లో, తక్కువ నాణ్యతలో చూస్తే ఈ పని కాదు. కథలో పెద్ద భాగం భూగర్భ మురుగు సొరంగాల్లో, రాత్రి వీధుల్లో నడుస్తుంది. వీడియోను గట్టిగా కుదిస్తే ముందు మాయమయ్యేవి నీడల్లోని వివరాలే. బ్లూరే గానీ మంచి రిజల్యూషన్ స్ట్రీమింగ్ గానీ చూసుకోండి. గది చీకటిగా ఉంచండి.

మొదటిసారి ఆపకుండా కథ కోసం చూడండి. ఇది తప్పకుండా పాటించాల్సిన విషయం. రెండోసారి కంప్యూటర్‌లో చూడండి. మీ దగ్గరున్నది వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో తెరుచుకునే ఫైలైతే, తుపాకీ కనిపించిన చోట ఆపి ‘ఈ’ కీ నొక్కుతూ పోండి, ఒక్కో ఫ్రేమ్ ముందుకు కదులుతుంది. విండోస్‌లో షిఫ్ట్‌తో పాటు ‘ఎస్’ నొక్కితే ఆ ఫ్రేమ్ బొమ్మగా సేవ్ అవుతుంది. ప్రతి బొమ్మకు పేరుగా సినిమా సమయం పెట్టుకోండి. తర్వాత వెనక్కి వెళ్ళి సరిచూసుకోవడానికి ఇదొక్కటే ఆధారం.

ఒకే తుపాకీకి కనీసం మూడు కోణాలు పట్టుకోండి: కుడి పక్క, ఎడమ పక్క, ముందు భాగం. ఇది ఎందుకు అవసరమో జర్మన్ మెషీన్ గన్ ఎంజీ 42 దగ్గర తెలుస్తుంది.

మూడో అడుగు: పేరు వెతక్కండి, నాలుగు ప్రశ్నలు వేయండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నేరుగా పేరు కోసం పరుగెడతారు. ‘ఇది ఏకే 47 లాగుంది’ అనుకున్నాక కళ్ళు దాన్నే చూస్తాయి. పేరు చివర్లో రావాలి. ముందు ఈ నాలుగూ రాసుకోండి.

తూటాలు ఎక్కడి నుంచి లోపలికి వెళ్తున్నాయి? కింది మ్యాగజైన్ (తూటాల పెట్టె) నుంచా, పక్క నుంచా, బెల్ట్ రూపంలోనా, పైనుంచి తూటాలను వరసగా పట్టుకునే క్లిప్‌తోనా?

ఆ మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందుందా, పిడి లోపలుందా?

బ్యారెల్ బయటికి కనిపిస్తోందా, చుట్టూ తొడుగు ఉందా? ఉంటే దాని రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, పొడుగ్గా ఉన్నాయా?

కర్ర ఎక్కడుంది, ఇనుప రేకు ఎక్కడుంది?

దీన్ని మీకు తెలిసిన తుపాకీతో ఒకసారి సాధన చేయండి. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీనే తీసుకోండి. ట్రిగ్గర్ ముందు చిన్న పెట్టె మ్యాగజైన్, కుడి పక్కన గుండు ఉన్న బోల్ట్ పిడి, బ్యారెల్ పొడవునా కర్ర. ఈ మూడు చెబితే చాలు, చిన్నప్పటి నుంచి పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీని చూసినవాళ్ళెవరైనా టక్కున గుర్తుపడతారు. మీ కంటికి ఈ విద్య ఇప్పటికే వచ్చు, దాన్ని జర్మన్ తుపాకుల వైపు తిప్పడమే మిగిలింది.

నాలుగో అడుగు: ఎంజీ 42. తొందర లేకుండా చూడండి

కవచం వేసుకున్న దళం ప్రధాన ఆయుధం ఇదే. సినిమాకు ముఖచిత్రం లాంటిది కూడా.

బ్యారెల్ చుట్టూ ఉన్న తొడుగుతో మొదలుపెట్టండి. అది గుండ్రటి గొట్టం కాదు, నలుచదరం వైపు మొగ్గే రేకు పెట్టె. ఎడమ పక్కన పొడుగాటి రంధ్రాలు వరసగా ఉంటాయి. కుడి పక్కకు వస్తే చిన్న రంధ్రాల వరస కనిపించదు, ఒకటే పొడవాటి తెరుపు ఉంటుంది. ఆ తెరుపు అందం కోసం పెట్టింది కాదు. కాలిన బ్యారెల్‌ను సైనికుడు పక్కకు లాగి, కొత్తది దూర్చి, మళ్ళీ మూసేది అక్కడి నుంచే. అనుభవం ఉన్నవాడికి అది కొన్ని సెకన్ల పని. మూడు కోణాలు కావాలన్నది ఇందుకే. కుడి పక్క ఒక్కటే చూసినవాళ్ళు, ఎడమ పక్క ఒక్కటే చూసినవాళ్ళు ఇవి రెండు వేర్వేరు తుపాకులని వాదించుకునే అవకాశం ఉంది.

తర్వాత మూతి చూడండి. చివర గరాటులా విచ్చుకున్న భాగం కనిపిస్తుంది. వెనక మడమ, అంటే భుజానికి ఆనించే భాగం, చేప తోకలా వెడల్పవుతుంది. బెల్ట్ ఎడమ నుంచి లోపలికి పోతుంది. బైపాడ్ కాళ్ళు మూతికి దగ్గరగా ఉంటాయి.

దీంతో పొరబడే అవకాశం ఎక్కువ ఉన్నది దీని అన్న ఎంజీ 34తో. తేడా తేలికే. 34 తొడుగు గుండ్రటి గొట్టం, దాని మీద గుండ్రటి రంధ్రాలు. దాని ట్రిగ్గర్‌లో రెండు అర్ధచంద్రాకార గుంటలు ఉంటాయి: పై దాన్ని నొక్కితే ఒక్కో తూటా, కింది దాన్ని నొక్కితే ధారగా. 42కు ఆ సదుపాయం లేదు, నొక్కితే ధారే.

ఈ రెండింటి మధ్య తేడాలో ఒక యుద్ధం మొత్తం ఉంది. 34ను ఉక్కు దిమ్మెల నుంచి చెక్కి, తొలిచి తయారుచేసేవారు. అద్భుతమైన పనితనం, కానీ సైన్యానికి కావాల్సినన్ని అందేవి కావు. 42 డిజైన్ వెనక ఉన్న వెర్నర్ గ్రూనర్‌ది తుపాకుల వృత్తి కాదు. ఆయన లోహపు రేకులను అచ్చుగుద్ది ఆకారం తెచ్చే పనిలో నిపుణుడు, డ్యోబెల్న్ ఊరిలోని గ్రోస్‌ఫుస్ కంపెనీ ఇంజనీరు. రేకు గుద్ది, వెల్డింగ్ చేసి, రివెట్లు కొట్టి మెషీన్ గన్ చేయొచ్చని చూపించాడు. పని గంటలు దాదాపు సగానికి తగ్గాయి. యుద్ధం ముగిసేనాటికి 4 లక్షలకు పైగా తయారయ్యాయి. సినిమాలో దాని ఒంటిమీద కనిపించే గట్లు, మడతలు ఆ అచ్చుగుద్దిన రేకువే. చిత్రకారులు వాటిని వదిలేయకుండా గీశారు. నాకు ఈ సినిమా మీద గౌరవం పెరిగింది అక్కడే.

అంకెలు కూడా దగ్గర పెట్టుకోండి. తూటా 7.92×57 మి.మీ., బరువు సుమారు 11.6 కిలోలు, పొడవు 122 సెం.మీ., వేగం నిమిషానికి సుమారు 1,200 తూటాలు. ఆ వేగానికి 50 తూటాల చిన్న డ్రమ్ము రెండున్నర సెకన్లలో ఖాళీ అవుతుంది. దీన్ని మనసులో ఉంచుకుని సొరంగంలోని కాల్పులు మళ్ళీ చూడండి.

ఐదో అడుగు: వేగాన్ని చెవితో కొలవండి, కంటితో కాదు

చాలామంది తప్పటడుగు వేసేది ఈ లెక్క దగ్గరే, కాస్త నిదానంగా చదవండి.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 1,200 అంటే సెకనుకు 20 తూటాలు. అంటే ఒక్కో తూటాకు దక్కేది 1.2 ఫ్రేములే. మూతి దగ్గర మంట ఒక ఫ్రేములో వెలగాలి, పక్క ఫ్రేములో ఆరాలి, అప్పుడే కంటికి అది ‘పేలినట్టు’ అనిపిస్తుంది. ఆ లెక్కన గీసేవాళ్ళు సెకనుకు 12 మంటలకు మించి చూపించలేరు. అది నిమిషానికి 720. పైగా యానిమేషన్‌లో ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములు నిలపడం మామూలు కాబట్టి, మంటలు ఇంకా తగ్గొచ్చు. అందువల్ల ఫ్రేములు లెక్కపెట్టి ‘ఇది ఎంజీ 42 కాదు, వేగం సరిపోలేదు’ అని తేల్చేయకండి. అది తుపాకీ లోపం కాదు, మాధ్యమం హద్దు.

చెవికి ఆ హద్దు లేదు. నిజమైన ఎంజీ 42 మోత విడివిడి టపటపల్లా వినపడదు, దళసరి గుడ్డను ఒక్క పెట్టున చించినట్టు కలిసిపోతుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సంగీతం లేని కాల్పుల ముక్క ఎంచుకుని వినండి. ఒక్కో దెబ్బనూ మీ చెవి విడదీయగలుగుతోందా లేదా అన్నదే పరీక్ష. సినిమాలోని మరో జర్మన్ తుపాకీ, అసాల్ట్ రైఫిల్ ఎస్‌టీజీ 44 అయితే నిమిషానికి 500 నుంచి 600, అంటే సెకనుకు 8 నుంచి 10. దాన్ని చెవి విడదీస్తుంది.

ఆరో అడుగు: ఎస్‌టీజీ 44ను ఏకేతో కలపకండి

వంపు తిరిగిన పొడవాటి మ్యాగజైన్, పిస్టల్ పిడి, కర్ర మడమ. ఈ మూడూ కనిపించగానే మనవాళ్ళ నోట వచ్చేది ఏకే 47 అనే. సినిమాలో ఉన్నది దానికంటే ముందు పుట్టిన జర్మన్ తుపాకీ.

ముందు చేయి ఆనే చోటు చూడండి. ఏకేకు అక్కడ కర్ర ఉంటుంది. ఎస్‌టీజీకి బోసి ఇనుప రేకు. కర్ర వెనక మడమకే పరిమితం. బ్యారెల్ పైన ఇంకో గొట్టం సమాంతరంగా పోతుంది, అది గ్యాస్ గొట్టం. ఏకేకూ అలాంటిది ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రమే చూసి తేల్చకండి. జర్మన్ సబ్‌మెషీన్ గన్ ఎంపీ 40తో గందరగోళం వస్తే ఇంకా తేలిక: దాని మ్యాగజైన్ తిన్నగా ఉంటుంది, మడమ మడిచే ఇనుప చట్రం.

దీని తూటా 7.92×33 మి.మీ. మెషీన్ గన్ తూటా వెడల్పే, మందు నింపే కాట్రిడ్జ్ గొట్టం పొడవు మాత్రం 57 నుంచి 33కి తగ్గింది. పూర్తి రైఫిల్ తూటాతో ధారగా కాలిస్తే సైనికుడు తుపాకీని అదుపులో ఉంచలేడు, పిస్టల్ తూటా దూరం పోదు. ఆ రెంటి మధ్య దారి ఇది. తర్వాత ప్రపంచంలో వచ్చిన అసాల్ట్ రైఫిళ్ళన్నీ నడిచింది ఈ ఆలోచన మీదే. ఖాళీ కాట్రిడ్జ్‌లు నేలమీద పడే ఫ్రేము దొరికితే, వాటిని పక్కనున్న వేళ్ళతోనో బూటుతోనో పోల్చి చూడండి. పొట్టివా, పొడుగువా అన్నది మంచి సాక్ష్యం.

ఎంపీ 43, ఎంపీ 44, ఎస్‌టీజీ 44 అనే మూడు పేర్లూ దాదాపు ఒకే తుపాకీవి. తెరమీద వాటిని విడదీయాలని పట్టుపట్టొద్దు. ‘ఎస్‌టీజీ 44 రకం’ అని రాసుకుంటే నిజాయితీగా ఉంటుంది.

ఏడో అడుగు: మౌజర్ సీ96

దీన్ని గుర్తుపట్టడం చిటికెలో పని. పిస్టళ్ళలో మ్యాగజైన్ సాధారణంగా పిడిలో ఉంటుంది, దీనికి ట్రిగ్గర్ ముందుంటుంది. పిడి చీపురు కట్ట పట్టులా గుండ్రం, బ్యారెల్ సన్నగా పొడుగ్గా బయటికి ఉంటుంది. 1896 నాటి డిజైన్. 10 తూటాల క్లిప్‌ను పైనుంచి దించి నింపుతారు. కర్రతో చేసిన ఒరనే పిడి వెనక తగిలిస్తే మడమ అవుతుంది.

ఒక్క చోట జాగ్రత్త. మ్యాగజైన్ పెట్టె ట్రిగ్గర్ గార్డుకు సమానంగా ఆగిపోయి, ఒంటితో కలిసిపోయి ఉంటే అది మామూలు సీ96. కింద ఇంకా సాగి, విడిగా ఊడదీసేలా కనిపిస్తే అది 1930లలో వచ్చిన, ధారగా కాల్చగల ష్నెల్‌ఫోయర్ రకం అయ్యుండొచ్చు. స్పెయిన్‌లో ఆస్త్రా కంపెనీ కూడా అచ్చం ఇలాంటి పిస్టళ్ళు చేసింది. అంత తేడా పట్టుకోవాలంటే చాలా దగ్గరి షాట్ కావాలి.

ఈ పిస్టల్ తూర్పు ఆసియాకు కొత్తది కాదు. చైనాలో 1910ల నుంచి 1940ల దాకా సైన్యాధిపతుల అంగరక్షకుల దగ్గరి నుంచి కమ్యూనిస్టు గెరిల్లాల దాకా అందరి నడుముకూ వేలాడింది. అక్కడే దీని కాపీలు తయారయ్యాయి. కాబట్టి మొదట రాసుకున్న ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులున్నాయి. ఇది జర్మన్ ఆక్రమణతో వచ్చిందా, అంతకుముందే చైనా మీదుగా చేరిందా? పాత్ర ఎవరు, ఏ దళం అన్నదాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. 42 విషయంలో ఇంత సందిగ్ధం లేదు.

ఎనిమిదో అడుగు: ‘అది సాధ్యమేనా?’ అని కాలాన్ని సరిచూడండి

కథ 1950లది. తుపాకులు 1896 నుంచి 1944 మధ్యవి. పోలీసులకు పదేళ్ళు దాటిన పాత యుద్ధ ఆయుధాలా అని అనుమానం రావచ్చు. నిజ చరిత్రే దీనికి జవాబిస్తోంది. తూర్పు జర్మనీ ప్రజా పోలీసులు యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు ఎస్‌టీజీ 44లే పట్టుకు తిరిగారు. యుగొస్లావియా ఎంజీ 42ను ఎం53 పేరుతో, అదే 7.92 తూటాతో మళ్ళీ తయారుచేసింది. పశ్చిమ జర్మనీ 1955లో సైన్యం ఏర్పాటు చేసుకున్నాక అదే మెషీన్ గన్‌ను 7.62 నాటో తూటాకు మార్చుకుంది. అదే తర్వాత ఎంజీ 3 అయ్యింది. బెల్ట్‌ను లోపలికి లాగే దాని యంత్రాంగాన్ని బెల్జియం ఎంఏజీ మెషీన్ గన్ తీసుకుంది, ఆ ఎంఏజీని మన భారత సైన్యం నేటికీ వాడుతోంది.

అంటే యుద్ధంలో మిగిలిన తుపాకీ పోలీసు చేతికి చేరడం 1950ల ఐరోపాలో జరిగిన పనే. సినిమా దాన్ని టోక్యోకు తరలించింది. కల్పన ఉన్నది ఊరిలో, తుపాకీలో కాదు.

తొమ్మిదో అడుగు: సినిమా వంచినవి విడిగా రాయండి

గుర్తుపట్టడం వేరు, వాడకం సరైనదా అన్నది వేరు. రెండింటికీ వేర్వేరు గడులు పెట్టుకోండి.

కవచధారులు ఎంజీ 42ను నడుము దగ్గర పట్టుకుని, నడుస్తూ కాలుస్తారు. నిజ యుద్ధంలో దీన్ని బైపాడ్ మీదో, బరువైన ముక్కాలి స్టాండు మీదో పెట్టి కాల్చేవారు. వెంట తూటాలు, అదనపు బ్యారెళ్ళు మోసే మనుషులు ఉండేవారు. ధారగా కొన్ని వందల తూటాలు పోయేసరికి బ్యారెల్ మార్చక తప్పదు. వేడి బ్యారెల్ పట్టుకోవడానికి ఆస్‌బెస్టాస్ ప్యాడ్ ఇచ్చేవారు. తెరమీద ఒక్కడే నిలబడి ఎంతసేపు కాలుస్తాడో టైమ్ చూసి, సెకన్లను 20తో గుణించండి. వచ్చిన సంఖ్య పక్కన, అన్ని తూటాలు అతని ఒంటిమీద ఎక్కడ పడతాయో రాయండి.

తప్పులు ఏరడం కోసం ఇది చేయమనడం లేదు. ఒక మనిషి మోయడానికి చేయని ఆయుధాన్ని ఒక మనిషి చేతికిచ్చారు, అది కూడా ఇరుకు సొరంగంలో, కొద్దిమంది మీద. యుద్ధభూమిలో వందల మీటర్ల అవతలి దళాన్ని ఆపడానికి పుట్టిన తుపాకీ పదడుగుల దూరంలో మనుషుల మీద పేలుతోంది. ఆ దళం పోలీసు అనే పేరు పెట్టుకుంది గానీ చేస్తున్నది పోలీసు పని కాదని ఈ ఒక్క ఎంపికే చెబుతోంది. లెక్క వేశాక ఆ సన్నివేశం చూడటం కష్టమవుతుంది, కావాలి కూడా.

పదో అడుగు: పోల్చి, ఖాయం చేసుకోండి

సేవ్ చేసిన బొమ్మలను ఇప్పుడు మ్యూజియం ఫొటోలతో పోల్చండి. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ తమ సేకరణల ఫొటోలను ఆన్‌లైన్‌లో ఉంచాయి. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళు లీడ్స్ వెళ్ళి చూడగలిగితే ఇంకా మంచిది, ప్రవేశం ఉచితం. ఫొటో ఎంత బాగున్నా బరువు, పరిమాణం అద్దం ఇవతల నిలబడి చూసినప్పుడే తెలుస్తాయి. అభిమానులు పెట్టే జాబితాలు చివర్లో చూడండి. ముందే చూస్తే మీ కన్ను వాళ్ళ మాట వింటుంది.

ప్రతి తుపాకీ పక్కన మూడింటిలో ఒకటి రాయండి: ఖాయం, బహుశా, తేలలేదు. ఖాయం అని రాయాలంటే మూడో అడుగులోని నాలుగు ప్రశ్నల్లో కనీసం మూడింటికి తెరమీదే జవాబు కనిపించి ఉండాలి. చీకట్లో మెరిసిన ఒక్క బ్యారెల్ చూసి ఖాయం రాయకండి. తేలలేదు అన్న గడి ఖాళీగా ఉంటే అనుమానించాల్సింది మీ పట్టికనే.

ఇదంతా చేతిలోకి వచ్చాక, ఇదే కథను కొరియాలో మనుషులతో తీసిన 2018 నాటి ‘ఇల్లాంగ్’ చూడండి. దర్శకుడు కిమ్ జీ-వూన్ కథను 2029 నాటి కొరియాకు మార్చాడు, అక్కడ జర్మన్ ఆక్రమణ లేదు. కొత్త కాగితం తీసుకుని మొదటి అడుగులోని ప్రశ్నే మళ్ళీ పైన రాయండి. ఈసారి జవాబు వేరుగా ఉంటుంది.